శనారం ఒడిసినంక

నేను చెప్పే అబద్ధాలకు ఆ రోజుల్లో బోధన్‌లో మంచి గిరాకీ ఉండేది. మొలాసిస్ మడ్డి గుంతలో పడిన ఎద్దు ఆరు నెలల తర్వాత చెక్కుచెదరకుండా బయటికొచ్చిందనీ, అది నడిచిన బాట పొడుగునా చీమలు రెంజల్ దాకా బారులు తీరాయనీ పుట్టించింది నేనే. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగగానే చిమ్నీ మీది కాకులు దిగిపోయి వేరే కాకులు ఎక్కుతాయని చెబితే, నిజంగా వెళ్లి చూసొచ్చినవాళ్లున్నారు. చాయ్ హోటల్లో నేను కూర్చున్నానంటే రెండో బెంచీ మీద చోటు దొరికేది కాదు. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఒక తల్లి పగళ్లను తినేసింది మాత్రం నేను చెప్పిన ఒక అర్థం.

ఆంధ్ర, తెలంగాణ కలిసి నాలుగైదేళ్లయి ఉంటుంది. కోర్టుల్లోంచి ఉర్దూ తప్పుకుంటోంది, ఇంగ్లీషు కూర్చుంటోంది. మా ఊళ్లో చదువుకున్న వాళ్లలో సగం మంది మాట్లాడేది తెలుగు, చదవగలిగేది ఉర్దూ. నాకు మూడూ వచ్చు. కచేరీ ముందు చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి, తీర్పులు తర్జుమా చేసేవాణ్ణి.

మా ఇంటికి రెండు గల్లీల అవతల, చెరకు బండ్లు పోయే బాట మీద ఒక రైతు ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నిజాం కాలంలో నాలుగు తరగతులు ఉర్దూ చదివాడు. కాగితాన్ని నమ్మినట్టు మనిషిని నమ్మేవాడు కాదు. ఫ్యాక్టరీ వాళ్లిచ్చే చీటీ మీద చెరకు ఏ తారీకున నరకమని ఉంటే ఆ తారీకుననే నరికేవాడు. వాన కురిసినా, కూలీలు రాకపోయినా, ఒక్కడే కొడవలి పట్టుకుని తడుస్తూ నరుకుతుంటే చూసి నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

అతని భార్య నిజామాబాద్ కంఠేశ్వర్ పిల్ల. బాగా నవ్వేది. ఒకసారి పెళ్లికని అన్నగారింటికి నాలుగు రోజులని చెప్పి వెళ్లి ఎనిమిదో రోజు వచ్చింది. వచ్చేసరికి ఆమె ట్రంకుపెట్టె గడప బయట ఉంది.

"నాలుగొద్దులన్నవ్" అన్నాడట అతను. అంతే.

కులపెద్దలు కూర్చున్నారు, లేచారు. తర్వాత కోర్టుకెక్కారు. మధ్యలో ఐదేళ్ల ఆడపిల్ల. నిజామాబాద్ కోర్టులో కోస్తా నుంచి వచ్చిన జడ్జిగారు పిల్లను తండ్రికిచ్చారు. తల్లికి ఒక్క వాక్యం ఇచ్చారు. ప్రతి వీకెండూ పిల్ల తల్లి దగ్గర ఉండాలి, వారం మొదలయ్యేలోగా తండ్రికి అప్పగించాలి. ఆయన ఉద్దేశం శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం ఉదయం దాకా అని నాకు చదవగానే తెలిసింది. కానీ వీకెండ్ అనే మాట అప్పటికి మా ఊళ్లో ఆఫీసర్ల క్వార్టర్ల గోడ దాటి బయటికి రాలేదు. తర్జుమా నా దగ్గరికే వచ్చింది. ఉర్దూలో రాశాను. "హర్ హఫ్తే కే ఆఖిర్ మే" అన్నాను, ప్రతి వారం చివర్లో అని. హఫ్తా షురూ అయ్యేలోగా అప్పగించాలన్నాను. కింద నా సంతకం పెట్టాను. ఆ రాతలో తప్పు లేదు. ఈ రోజుకీ అదే రాస్తాను.

కాకపోతే మా దిక్కు ఉర్దూలో హఫ్తా అంటే వారం. హఫ్తా అంటే శనివారం కూడా.

రెండు రోజుల తర్వాత అతను ఆ కాగితం పట్టుకుని హోటల్‌కే వచ్చాడు. కూర్చోలేదు. బెంచీ పక్కన నిలబడే అడిగాడు.

"తమ్మీ, నువ్వే రాసినవ్ గద. సాఫ్ జెప్పు. పోరిని ఎప్పుడు పంపాలె, ఎప్పుడు తోలుకొచ్చుకోవాలె?"

శనారం పగటీలి పంపు, సోమారం పొద్దుగాల తెచ్చుకో అంటే ఐపోయేది. కానీ రెండో బెంచీ నిండా జనం. చాయ్ అప్పుడే వచ్చింది. ఆ రోజు నా దగ్గర కొత్త కథ లేదు.

"కాయిదం మీద హఫ్తా అని ఉందా?" అన్నాను.

"ఉంది."

"హఫ్తా అంటే ఏందే?"

"వారం."

"ఇంకా?"

కొంచెం ఆలోచించాడు. "శనారం."

"మరి హఫ్తే కా ఆఖిర్ అంటే?"

"శనారం... ఆఖిర్?"

"ఆఁ! శనారం ఎప్పుడు ఒడుస్తది? పొద్దు గూకినంక. గప్పుడియ్యాలె పోరిని. ఇగ హఫ్తా షురూ ఎప్పుడు? బడిల పంతులు ఏమంటడు, ఆదివారం అంటడు. ఆది అంటెనే మొదలు. ఐతారం పొద్దు పొడిసిందా, హఫ్తా షురూ అయినట్టే. గప్పట్లోపల పోరి నీ గడపల ఉండాలె. అంటే ఏంది? పోరి మేల్కొని ఉన్నంత సేపు నీది, పండుకున్నంత సేపు దానవ్వది!"

బెంచీ బెంచీ అంతా నవ్వింది. ఒక బండి తోలేటాయన మాత్రం వెనక నుంచి అన్నాడు. "మనం ఐతారం అంటం గదనే. ఆది యాడికెల్లి వచ్చింది?"

"ఐతారం నువ్వంటవ్, సర్కారు ఆదివారమంటది" అని నోరు మూయించాను. ఐతారమన్నా ఆదివారమన్నా ఆదిత్యుడి వారమేనని, మొదలుకూ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నవ్వించే మాటకు ఆ ఒక్క మేకు కావలసి వచ్చింది.

అతను నవ్వలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు. నేను చెబుతుంటే పెదాలు కదిలిస్తూ వల్లె వేసుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకుని "మంచిది" అని వెళ్లిపోయాడు.

మొదటి శనివారం ఆమె నిజామాబాద్ నుంచి తొలి బస్సుకే వచ్చింది. నేను కచేరీకి పోతుంటే వాళ్ల ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉంది. ఒళ్లో పల్లిపట్టీల పొట్లం, పసుపు రిబ్బన్లు రెండు. పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని తల్లిని చూస్తోంది. అతను పొలానికి పోయి ఉంటాడు, వస్తాడులే అనుకున్నాను. సాయంత్రం తిరిగొస్తుంటే ఆమె అదే బండ మీద ఉంది. పొట్లం అట్లాగే ఉంది. అతను ఇంట్లోనే ఉన్నాడు. గడప మీద నిలబడి ఫ్యాక్టరీ చిమ్నీ వైపు చూస్తున్నాడు. పొద్దు దాని వెనకే దిగుతుంది మా ఊళ్లో.

నేను మూల మీద ఆగిపోయాను. పొద్దు పూర్తిగా దిగాక అతను పిల్లను బయటికి తీసుకొచ్చాడు.

"ఇగో. శనారం ఒడిసింది, తీస్కపో. పొద్దు పొడిసేటాల్లకు నా గడపల ఉండాలె."

"బస్సు పోయింది గదయ్యా. యాడికి తీస్కపోవాలె?"

"కాయిదంల బస్సు లేదు" అన్నాడు.

గట్టిగా అనలేదు. తిట్టలేదు. తర్వాత రెండేళ్లలో కూడా అతను ఆమెను ఒక్క చెడ్డమాట అన్నట్టు నేను వినలేదు. అతనికి కోపం ఉంటే బాగుండేది. కోపం ఒకనాటికి తగ్గుతుంది.

పిల్లను ఎత్తుకుని బాట మీద నిలబడ్డ ఆమెను మా అమ్మ చూసింది. ఎవరినీ అడగకుండా ఇంట్లోకి తీసుకొచ్చింది. కంచం పెట్టింది. పిల్ల రెండు ముద్దలు తిని మూడో ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయింది. తల్లి వేలు పెట్టి ఆ ముద్దను తీసి, మూతి తుడిచి, పల్లిపట్టీని పిల్ల గుప్పిట్లో పెట్టింది. గుప్పిలి మూసుకోలేదు.

ఆమె పడుకోలేదని మా అమ్మ పొద్దున చెప్పింది. నిద్రపోతున్న పిల్లకు నూనె రాసి, చిక్కులు తీసి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టిందట. తూర్పు తెల్లబడుతుండగా పిల్లను లేపి, నిద్రమత్తులోనే నడిపిస్తూ తీసుకెళ్లింది. అతను అప్పటికే గడప మీద ఉన్నాడు, ఈసారి తూర్పు వైపు తిరిగి.

"ఏందిరా, కాయిదం నువ్వే రాసినవంట గద. గిట్లెట్ల రాసినవ్?" అంది మా అమ్మ.

"సర్కారు రాసింది అవ్వా. నేను తర్జుమా జేసిన, గంతే."

అట్లా మొదలైంది. ప్రతి శనివారం మా ఇంట్లో ఆమెకు ఒక చాప, ఒక కంచం. పొద్దటి బస్సుకు రావటం మానలేదు. పగలంతా ఆ బండ మీద కూర్చుంటే పిల్ల కిటికీలో కనిపిస్తుందని. తర్వాత తర్వాత పిల్ల కిటికీ దగ్గరికి రావటం తగ్గింది. ఆడుకునే వయసు, ఎంతసేపని నిలబడుతుంది? తల్లి ముందు నుంచే గెంతుకుంటూ పక్కింటికి పోయేది. దాటిపోతున్నప్పుడు ఆమె చెయ్యి చాపితే, పిల్ల పక్కకు జరిగి "ఇంక ఒడ్వలే" అనేది. పిల్లలు గచ్చకాయల ఆటలో అన్నట్టే అనేది.

వానాకాలం మబ్బుల్లో పొద్దు గూకిందో లేదో తెలియదు. అతను అనుమానం పోయేదాకా, పూర్తిగా చీకటి పడేదాకా ఆగేవాడు. పొద్దున మాత్రం ఏ కొంచెం వెలుగు కనిపించినా పొడిసినట్టే లెక్క.

ఒకసారి మా అమ్మతో ఆమె అంటుంటే విన్నాను. "చలికాలమే మంచిగుంటదవ్వా. రాత్రి పెద్దగుంటది. నాకు పిల్ల జర ఎక్కువొస్తది." ఆ మాటను కూడా మర్నాడు హోటల్లో చెప్పాను. అవును, చెప్పాను. ప్రతి ఆదివారం బెంచీ నిండేది. "ఏమైందే ఈ శనారం?" అని అడిగేవాళ్లు. నేను ఊరికే ఉండలేకపోయేవాణ్ణి. ఆమె ఎండాకాలంలో పొద్దుకు మోకు వేసి కిందికి గుంజిందని, మొగుడు రెండో కొసన వేలాడి పైకి లాగాడని, మధ్యలో పొద్దు చిమ్నీకి తగిలి సొట్టపోయిందని చెప్పాను. నవ్వలేక ఒకాయనకు పొలమారి చాయ్ ముక్కులోంచి వచ్చింది. నా మొత్తం కథల్లో అంత పేరు దేనికీ రాలేదు.

ఏడాది దాటాక ఒక శనివారం రాత్రి, పిల్ల నిద్రపోయాక, ఆమె నా దగ్గరికి వచ్చింది. కొంగుముడిలోంచి కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలు కాబోతోంది. ఆమెకు ఏ అక్షరమూ రాదు. తలకిందులుగా పట్టుకుని నాకిచ్చింది.

"అన్నా, నువ్వు సదువుకున్నోనివి. ఇందుల శనారం ఒడిసినంక అనే ఉందా? ఇంకో తీరుగ ఏమన్న ఉందా?"

వంటింటి గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. ఇంకో తీరుగా ఉందంటే, మరి ఈ తీరుగా చెప్పిందెవరనే మాట వస్తుంది. హోటల్ వస్తుంది, బెంచీ వస్తుంది, సొట్టపోయిన పొద్దు వస్తుంది. కాగితాన్ని సరిగ్గా తిప్పాను. దీపం దగ్గరికి జరిపి చదివినట్టు చాలాసేపు చూశాను.

"అట్లనే ఉంది చెల్లె" అన్నాను.

"నువ్వంటే సరే" అంది. కాగితం మళ్లీ మడిచి ముడేసుకుంది. ఇంకెవరికీ చూపించవలసిన పని లేదనుకుంది. అందుకే మరో ఏడాది పట్టింది.

ఆ ఏడాది చివర ఆమె అన్నగారు కంఠేశ్వర్‌లో తన ఇంటి పక్కకు కొత్తగా దిగిన వకీలుతో మాటల్లో ఈ సంగతి చెప్పాడట. వకీలు ఇంగ్లీషు కాగితం చూసి నవ్వి, ఆ తర్వాత తిట్టి, దరఖాస్తు వేశాడు. తర్జుమా కింద సంతకం నాది కాబట్టి నన్నూ పిలిపించారు.

జడ్జిగారు అదే మనిషి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నా వైపు చూశారు.

"హఫ్తా అంటే ఏమిటండీ?"

"వారం సార్. శనివారం కూడా."

"మీరు ఏ అర్థంలో రాశారు?"

"వారం అనే సార్."

"మరి ఈయనకి శనివారమని ఎవరు చెప్పారు?"

నేను చెప్పాల్సిన పని పడలేదు. అతను లేచి నిలబడ్డాడు. దాచుకోవటానికి అతని దగ్గర ఏమీ లేదు. వల్లె వేసుకున్నదంతా ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాడు.

"హఫ్తా అంటే శనారం. శనారం పొద్దు గూకినంక ఒడుస్తది. ఆది అంటే మొదలు. ఆదివారం పొద్దు పొడిస్తే హఫ్తా షురూ. గిదంత ఈ తమ్ముడే జెప్పిండు సార్, హోటల్ల. పది మంది ముంగట జెప్పిండు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు కళ్లజోడు తీశారు.

"ఆదివారమంటే ఆదిత్యుడి వారమయ్యా. సూర్యుడిది. రెండేళ్ల నుంచి ఆ పిల్లని నిద్దట్లో పంపుతున్నావా?"

"కాయిదంల ఎట్లుంటే అట్ల పంపిన సార్" అన్నాడతను, నిజాయితీగా.

కొత్త ఆర్డరులో ఏ మాటకూ రెండో అర్థం లేకుండా గంటలు వేసి రాయించారు. శనివారం ఉదయం తొమ్మిది నుంచి ఆదివారం సాయంత్రం ఆరు దాకా. బయట వరండాలో ఆమె నా ముందుకు వచ్చి ఆగింది. తిడుతుందనుకున్నాను.

"రెండేండ్లు నీ ఇంట్లనే పండిన గదన్నా" అంది. అంతే అని అన్నగారి వెనక వెళ్లిపోయింది.

సంగతి నాకంటే ముందే మా ఇంటికి చేరింది. మా అమ్మ కంచం పెట్టలేదు.

"నువ్వు దానికి పగలు లేకుంట జేసినవ్. నేను రాత్రి బువ్వ వెట్టిన. ఊరంత నన్ను ఏమనుకుంటరురా? అవ్వ కొడుకు ఇద్దరు గలిసి ఆటాడిండ్రు అనుకుంటరు" అంది. తర్వాత అంది, "శనారం నువ్వు ఆడికి పోతవ్. అది పిల్లను దీస్కపోయేది నీ కండ్లతోని జూసొస్తవ్. అప్పుడు పెడత బువ్వ."

పోయాను. తొమ్మిదికి ముందే పోయాను. ఆమె కొత్త చీర కట్టుకుని బండ పక్కన నిలబడి ఉంది, కూర్చోలేదు. నన్ను చూసింది కానీ చూడనట్టే ఉంది. అతను పిల్లకు తానే మొహం కడిగి, ఉతికిన గౌను తొడిగి, గడప దాకా తీసుకొచ్చాడు. కాగితం మారిందంటే మారిందే అతనికి.

"పో బిడ్డ, అవ్వతోని పో."

ఏడేళ్ల పిల్ల గడప దాటలేదు. దర్వాజా పట్టుకుని తండ్రి మొహంలోకి చూసింది, ఇదేదో పరీక్ష అన్నట్టు.

"శనారం ఇంక ఒడ్వలే గద బాపూ."

"కాయిదం మారింది బిడ్డ. ఇప్పుడే పోవాలె."

"ఒడిసినంకనే పోత."

"పల్లిపట్టీలు తెచ్చిన రా బిడ్డ. బస్సెక్కి పోదం. మామ ఇంటికి పోదం, రా" అంది తల్లి. రెండు చేతులూ చాపింది. పిల్ల లోపలికి ఒక అడుగు వేసింది.

"నువ్వెందుకచ్చినవ్ ఇప్పుడు? నువ్వు పొద్దు గూకినంక గద రావాలె" అంది.

అతను పిల్ల రెక్క పట్టుకున్నాడు. కాగితం ప్రకారం లాగి అప్పగించేవాడే. "వద్దు, ఇడ్సిపెట్టు" అంది ఆమె. వెళ్లి బండ మీద కూర్చుంది. తొమ్మిది గంటల నుంచి పొద్దు చిమ్నీ వెనక్కి దిగేదాకా, చేతిలో పగలంతా తనదని రాసి ఉన్న కాగితంతో, అక్కడే కూర్చుంది. మధ్యలో రెండు సార్లు సైరన్ మోగింది. పిల్ల రెండు సార్లు బయటికొచ్చి, పొద్దు ఎంత దూరంలో ఉందో చూసి, లోపలికి వెళ్లింది. నేను మూల మీదే నిలబడ్డాను. ఆకలేసింది. ఇంటికి పోలేను.

పొద్దు గూకగానే పిల్ల చెప్పులు తొడుక్కుని, ఎవరూ పిలవకుండా తనే వచ్చింది. తల్లి చేతిలో చెయ్యి పెట్టి "పోదమా అవ్వా?" అంది. అలవాటుగా మా ఇంటి బాట పట్టింది. తల్లి పిల్లను బస్‌స్టాండ్ వైపు తిప్పింది. మా గడప తొక్కలేదు. గుమ్మంలోంచి మా అమ్మ పిలిచినా తలెత్తలేదు. పిల్ల నాలుగడుగులకే తూలటం మొదలుపెట్టింది. బస్‌స్టాండ్ చేరేసరికి ఆమె భుజం మీద నిద్రపోయింది. ఆ వేళకు నిద్రపోవటం రెండేళ్లుగా నేర్చుకున్న పిల్ల. ఆఖరి బస్సు పోయి చాలాసేపయింది.

నన్ను ఇంట్లోకి రానిచ్చింది కానీ మా అమ్మ కంచం పెట్టలేదు. ఇంకా చీకటుండగానే లేపి, చెంబులో చాయ్ పోసి "ఇచ్చి రాపో" అంది. నేను బస్‌స్టాండ్‌కు చేరేసరికి తొలి బస్సు ఇంజిన్ గుర్రుమంటోంది. ఆమె ఒక చేత్తో మూట, ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని మెట్టు ముందుంది. పిల్ల తల నున్నగా దువ్వి ఉంది, పసుపు రిబ్బన్లతో. తూర్పున రైసు మిల్లు వైపు ఆకాశం ఎర్రబడింది.

పిల్ల చెయ్యి గుంజుకుంది. "పొద్దు పొడిసింది అవ్వా. బాపు సూస్తుంటడు."

"సాయంత్రం దాక నా తాన్నే ఉండొచ్చు బిడ్డ. కాయిదంల ఉంది."

"ఐతారం షురూ అయింది" అంది పిల్ల. ఏడవలేదు. ఎవరి మీదా కోపం కూడా లేదు. తిరిగి ఇంటి వైపు నడిచింది, బడికి ఆలస్యమైన పిల్లలా చకచకా. కండక్టరు "ఎక్కుతరా లేదా?" అని అరిచాడు. ఆమె బస్సును చూసింది, పిల్లను చూసింది, మూట చంకలో పెట్టుకుని పిల్ల వెనక నడిచింది. నా పక్క నుంచే పోయారు. చెంబు చాపలేకపోయాను. మా ఇల్లు దాటుతున్నప్పుడు మా అమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఆగలేదు.

ఇంటికి పోలేక హోటల్‌కు పోయాను. రెండో బెంచీ అప్పటికే నిండుతోంది.

"ఏమైందే? తీస్కపోయిందా పిల్లను?" అన్నారు.

"తీస్కపోయింది. తొమ్మిది గొట్టంగనే పిల్ల ఉరికొచ్చి మెడకు జుట్టుకుంది. ఇద్దరు బస్సెక్కిండ్రు. కిటికీలకెల్లి పోరి నాకు చెయ్యూపింది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. మొలాసిస్ ఎద్దును నమ్మనివాళ్లు కూడా దీన్ని నమ్మారు. హోటలాయన "గట్లయితే మంచిగైంది పో" అని చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు. చేతిలో మా అమ్మ ఇచ్చిన చెంబు ఇంకా వెచ్చగానే ఉంది.